పెద్దాయన మాట్లాడని శనివారం

మా ముత్తాత పెద్ద బాలిరెడ్డి. మా తాత ఓబుళరెడ్డి. మా నాన్న వెంకటసుబ్బారెడ్డి. కడప జిల్లాలో ఈ పేర్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఇంటిపేరు రాయను. ఊరిపేరూ రాయను. జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు మధ్య, పెన్న ఒడ్డున ఉంటుందని మాత్రం చెబుతాను. చుట్టుపక్కల గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా, కోర్టు కంటే ముందు మా తాత వసారాకు వచ్చేవాళ్ళు. ఆయన మాట చెప్పాక కోర్టు దాకా వెళ్ళినవాళ్ళు లేరు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. లేదు, గొప్ప కోసమే చెబుతున్నాను. అబద్ధం రాయకూడదని కూర్చున్నాను గనుక అదీ ఒప్పుకుంటాను.

కొన్నేళ్లుగా ఒక శనివారం పొద్దు నా మెడ మీద కూర్చుని ఉంది. దిగదు. పూజలో ఉన్నా, బస్సులో ఉన్నా బరువు తెలుస్తూనే ఉంటుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా నాన్నకు నేనొక్కదాన్నే. మా స్థాయికి తగిన సంబంధం కోసం చూస్తూ చూస్తూ ఆయన పోయాడు. నా వయసూ పోయింది. పొలాలు ఎన్నికలకు, కోర్టులకు అప్పటికే కరిగిపోయాయి. నేను ప్రొద్దుటూరులో ఒక మేడ మీది వాటాలో అద్దెకు ఉంటూ, ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకుని బతికాను. ఎవరి ముందూ తల వంచలేదు. వంచమని అడిగినవాళ్ళూ లేరనుకోండి.

ఒకసారి జమ్మలమడుగులో ఒక పెళ్ళికి వెళ్ళాను. మా ఊరి సర్పంచి నా వెనక వరుసలో కూర్చున్నాడు. వాళ్ళ నాయన మా వసారాలో చెప్పులు విడిచి, తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడేవాడు. ఆ కొడుకు పక్కవాణ్ణి అడిగాడు.

"ఎవురప్పా ఆ యమ్మ?"

"ఓబుళరెడ్డి మనవరాలంట."

"ఏ ఓబుళరెడ్డి?"

అన్నం తినకుండా లేచి వచ్చేశాను. ఆ "ఏ" అనే ఒక్క అక్షరం నుంచే ఛానెల్ పుట్టింది.

మీ ఫోనులో కూడా ఆ మెసేజింగ్ యాప్ ఉండే ఉంటుంది. అందులో ఛానెల్ పెట్టుకుంటే, చదివేవాళ్ళకు ఛానెల్ పేరొక్కటే కనిపిస్తుంది. రాసేవాళ్ళ పేరు, నంబరు కనిపించవు. కొత్త సిమ్ తీసుకున్నాను. ఛానెల్‌కు "పెద్దాయన" అని పేరు పెట్టాను. బొమ్మగా ఒక ఖాళీ కుర్చీ పెట్టాను. ఆ నంబరుతోనే ఊరి జాతర గ్రూపులో చేరి, లింకు వేసి, ఆ గ్రూపులోంచి వెళ్ళిపోయాను.

మా తాత తీర్పు చెప్పేముందు "ఇనండప్పా" అనేవాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఆడవాళ్ళం నడింటి తలుపు వెనక కూర్చుని వసారాలో జరిగేదంతా వినేవాళ్ళం. ఎవడు గట్టు జరిపాడో, ఎవడు తల్లి పేరున ఉన్నది రాయించుకున్నాడో, ఎవడు ఏడ్చాడో. అవన్నీ నాలో ఉన్నాయి. పేర్లు లేకుండా, ఆయన మాటల్లో, ఆయన వెటకారంతో రాశాను. "ఇనండప్పా. గట్టు జరిపినోడు సచ్చినాడు. గట్టు సావలా." ఊరంతా పేర్లు తామే పూరించుకున్నారు.

ఆడమనిషి రాస్తుందని ఒక్కరికీ తోచలేదు. తలుపు వెనక చెవులు ఉన్నాయని ఆ వసారాలో కూర్చున్న మగవాళ్ళకు ఎప్పుడూ గుర్తులేదు మరి.

కొన్నాళ్లకు పోస్టుల కింద జవాబులు మారాయి. మొదట నవ్వులు, తిట్లు ఉండేవి. తర్వాత దండాలు వచ్చాయి. "పెద్దాయనా, మా తమ్ముడు మాట్లాడ్డం ల్యా, ఏం జేయమంటావు?" చనిపోయిన మనిషిని అడుగుతున్నామని వాళ్ళకు తెలుసు. తెలిసే అడిగారు. నేను జవాబిచ్చేదాన్ని. ఒకాయన తన పొలంలో పూడిపోయిన పాతబావి ఎక్కడుందని అడిగాడు. ఆలోచించకుండానే నా వేళ్ళు రాశాయి: చింతమొద్దుకు ఎగువన, వంక వైపు తవ్వు. తవ్వారు. బావి ఒర కనిపించింది. ఫోటో పెట్టారు. ఆ సంగతి నేను ఎప్పుడు విన్నాను? ఎవరి నోట విన్నాను? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆ పగలంతా నా చేతివేళ్ళు చల్లగా ఉన్నాయి. అయినా మానలేదు. నిజం చెప్పాలంటే ఆ చల్లదనం నాకు నచ్చింది.

ఇక పుల్లన్న గురించి చెప్పాలి. ఇక్కడికి వచ్చేసరికి నా కలం ఆగుతోంది.

పుల్లన్నది గొర్రెలు మేపే ఇల్లు. వాళ్ళ నాయన తిప్పన్న ఎప్పుడూ మా వసారా మెట్ల దగ్గర ఉండేవాడు. పుల్లన్నకు నా ఛానెల్ అంటే ప్రాణం. పొద్దున్నే టీ హోటల్లో నిలబడి, మా తాత గొంతు పెట్టి చదివేవాడట. దగ్గు కూడా అదే దగ్గు. ముసలివాళ్ళు గ్లాసు కింద పెట్టి లేచి నిలబడేవాళ్ళట.

సర్పంచి వాళ్ళ నాయన జరిపిన హద్దురాయి గురించి నేను రాశాక, రాసేదెవరో తేల్చాలని సర్పంచి, ఊరివాళ్ళు పట్టుబట్టారు. పాత సంగతులు తెలిసినవాళ్ళందరి చేతా ఆంజనేయస్వామి గుడి ముందు ప్రమాణం చేయించాలని తీర్మానించారు. మా వైపు పద్ధతి ఇది. తల మీదుగా బిందెడు నీళ్ళు గుమ్మరించుకుని, ఆ తడిబట్టలతోనే, చెప్పేది నిజమని ఒట్టేసి, వెలుగుతున్న దీపాన్ని ఆర్పాలి. అబద్ధమైతే ఆ ఇంటి దీపం ఆరిపోతుందని నమ్మకం. అందరూ ఆర్పారు. పుల్లన్న ఒక్కడే ఆర్పనన్నాడు. శనివారం దాకా గడువిచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నం పుల్లన్న నా వాటాకు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గడప బయట, మెట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వు రాయలేదు గదా పుల్లన్నా. దీపం ఆర్పితే అయిపోతాది గదా" అన్నాను.

"మా నాయన ఆర్పినాడు గదమ్మా ఒకతూరి. మీ వసారా మాటకి. మా యన్న పోయినాంక మా ఇంట్లో అమ్మతోడు అని గూడా అనం. నీకు తెలీదా?"

నాకు తెలుసు. తలుపు వెనక విన్నాను. మా తాతకు తన దాయాదితో వచ్చిన పొలం తగాదాలో తిప్పన్న ఒక్కడే సాక్షి. హద్దు మా తాత చెప్పిన చోట లేదని అతనికి తెలుసు. "ఒక్క మాటే గదరా తిప్పన్నా" అన్నాడు మా తాత. తిప్పన్న తడిసి, దీపం ఆర్పాడు. పొలం మాకు వచ్చింది. ఆ వానాకాలం వెళ్ళకముందే తిప్పన్న పెద్దకొడుకు జ్వరంతో పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ప్రమాణం చేయరు. ఊరందరి కథలూ రాసిన నేను ఈ కథ ఒక్కటీ రాయలేదు.

పుల్లన్న నవ్వాడు. "మా ఇంటిది తిడ్తాంది. ఊరికే సదవక ఆ గొంతెందుకు పెడ్తివి, నీ గొంతే నీ కొంప ముంచె అని. ఏం జేస్తానమ్మా, ఆ గొంతుకి హోటలోడు టీ ఊరికే పోస్తాండె."

"నన్నేం చేయమంటావు?"

"నువ్వేం జేయొద్దు. రేపు నన్ను ఆడ నిలబెట్టినప్పుడు నా ఫోను సర్పంచి చేతికిస్తా. ఆ టయానికి పెద్దాయన ఒక్క మాట మాట్లాడితే సాలు. నేను కాదని అందరికీ తెలుస్తాది. దీపం ఆర్పే పనుండదు."

"పెద్దాయన పోయి శానా ఏండ్లాయ గదా పుల్లన్నా."

"అందుకే నీకాడికొచ్చినా. మనవరాలివి. నువ్వు దండం పెట్టుకుంటే ఇంటాడు."

నా ఫోను నా ఒళ్ళోనే బోర్లా పడి ఉంది. అతను దానివైపు చూడలేదు. గోడ చూశాడు, మెట్లు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. ఫోనును మాత్రం చూడలేదు. ఒక వస్తువును అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం నేను మరెక్కడా చూడలేదు.

అతనికి తెలుసా? లేక నిజంగానే మా తాతకు దండం పెట్టమన్నాడా? ఏది నిజమైనా నా తప్పు తగ్గదు.

"చూద్దాం" అన్నాను. ఎవరికైనా పని చేయదలచుకోనప్పుడు మా తాత అనే మాట అది. పుల్లన్న చేతులు జోడించి దిగిపోయాడు.

శనివారం పొద్దున స్నానం చేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. "ఇనండప్పా" అని టైపు చేశాను. పంపడానికి బాణం గుర్తు మీద ఒక్కసారి వేలు ఆనించాలి, అంతే. ఇంకే మాటా అక్కర్లేదు.

ఛానెల్లో ప్రతి పోస్టు కింద చిన్న కన్ను గుర్తు ఉంటుంది. ఎంతమంది చూశారో దాని పక్కన అంకె పడుతుంది. నా పాత పోస్టు కింద ఆ అంకె కదలడం మొదలైంది. ఊరంతా గుడి ముందు నిలబడి, ఫోన్లు తెరిచి, నన్ను చూస్తోంది. నేను వాళ్ళను చూడలేను. వాళ్ళు నన్ను చూడలేరు. మా మధ్య ఆ కన్ను ఒక్కటే. అంకె పెరుగుతూనే ఉంది. కింద జవాబులు పడుతున్నాయి.

"పెద్దాయనా, ఉండావా?"

"ఒక్క మాట అనప్పా. పుల్లన్న తడిసి నిలబడినాడు."

"వొణుకుతాండాడప్పా."

తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. కన్ను పక్కన అంకె మాత్రం మెల్లగా కదిలింది. చివరికి ఒకటి పడింది:

"యాడ పలుకుతాడు? పలికేటోడు ఈడే నిలబడినాడు గదా."

నవ్వుల బొమ్మలు వరసగా వచ్చాయి. ఆ తర్వాత అంకె ఆగిపోయింది. నా తెరమీద "ఇనండప్పా" అలాగే ఉంది. నేను పంపలేదు.

ఎందుకు పంపలేదు? ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్న జవాబు భయం. పుల్లన్న కాదని తేలితే వెతుకులాట నా గడపకు వస్తుందని. అది నిజమే, కానీ చిన్న నిజం. ఇంకోటి చెప్పుకున్నాను, తాత పరువని. తిప్పన్న ప్రమాణం సంగతి బయటికి వస్తుందని. అదీ నిజమే. కానీ వాటన్నిటి అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని ఈ రోజుదాకా ముట్టుకోలేదు. ఊరంతా మళ్ళీ మా ఇంటి మాట కోసం తల ఎత్తి నిలబడింది. ఒక మనిషి తడిబట్టల్లో నిలబడ్డాడు. చిన్నప్పుడు తలుపు వెనక నుంచి చూసిన దృశ్యమే అది, ఈసారి కుర్చీలో నేనున్నాను. మాట చెబితే అది అయిపోతుంది. అది అయిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. రాయడానికి ఎంత హీనంగా ఉందో చూడండి. కానీ అంతే జరిగింది.

దీపం ఆర్పకుండానే వెనక్కి తిరిగిన పుల్లన్నను ఎవరూ కొట్టలేదు. మా వైపు గొర్రెల మందను పొలంలో రాత్రిళ్ళు నిలిపించుకుంటారు, ఎరువు కోసం. మాకు కావాలంటే మాకు కావాలని పోటీపడతారు. ఆ ఏడు పుల్లన్న మందను ఒక్కరూ పిలవలేదు. బీళ్ళలో మేయనివ్వలేదు. బోర్ల దగ్గర తొట్లలో నీళ్ళు తాగనివ్వలేదు. ఊరికి దొంగ ఒకడు దొరికాడు కదా. అతను మంద వదిలించుకుని, భార్యతో పులివెందుల అవతల ఒక చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, కాపలాకు వెళ్ళిపోయాడు. ఇంటికి తాళం వేసి ఉందని విన్నాను. ఒకసారి పులివెందుల దాకా బస్సులో వెళ్ళాను. బస్టాండులో టీ తాగి, తిరుగు బస్సు ఎక్కాను.

అప్పటికైనా ఛానెల్లో ఏదో ఒకటి రాసి ఉండవచ్చు. పుల్లన్న లేని ఊరికి పెద్దాయన మాట వస్తూ ఉంటే, ఎవరైనా ఒకరు అనుమానించేవాళ్ళు. ప్రయత్నించాను. "ఇనండప్పా" అని రాసేదాన్ని. ఆ తర్వాత ఏమీ వచ్చేది కాదు. మొదట్లో పుట్టపగిలినట్టు వచ్చిన మాటలు, వెటకారం, సామెతలు, ఏవీ లేవు. నేను కల్పించిన గొంతు అనుకున్నానే, మరి ఎక్కడికి పోయింది? కల్పించిందైతే మళ్ళీ కల్పించుకోలేనా? తిప్పన్న ఇంటివాడికి ఆ ఒక్క మాట ఇవ్వనందుకు ఆయన లేచి వెళ్ళిపోయాడేమో అనిపించేది. అంతలోనే, ఆయన అలాంటివాడు కాడు కదా అని గుర్తొచ్చేది. అదింకా భయంగా ఉండేది. అంటే ఆయనే నాలోంచి ఆ శుక్రవారం "చూద్దాం" అన్నాడా?

పుల్లన్న పోయాక పెద్దాయన నోరు మూతపడిందని ఊరు చెప్పుకుంది. నా మౌనమే అతని మీద రుజువు అయింది. పాత పోస్టుల కింద కన్ను మాత్రం కదులుతూనే ఉండేది. ఎవరో చదువుతూనే ఉండేవాళ్ళు.

చెప్పాను. క్షమించమని అడగను, ఆ హక్కు మీకు లేదు, ఆ అర్హత నాకు లేదు. రాయడం మొదలుపెట్టినప్పటికంటే ఇప్పుడు ఊపిరి కొంచెం లోతుగా అందుతోంది, అంతే. ఊరికి పోయి, ఫోను చూపించి, ఇదిగో రాసింది నేను అనవచ్చు కదా అని మీరు అడుగుతారు. చూపించడానికి నా ఫోనులో ఏమీ లేదు. పోయిన ఎండాకాలం ఆ ఛానెల్‌ను, అందులోని మనుషులతో సహా, క్రికెట్ పందేల సలహాలు పెట్టుకునే ఒకనికి అమ్మేశాను. పాత పోస్టులన్నీ అతను తుడిచేశాడు.