ఊదిన గాలికి వేసిన గ్రేడు

మే నెల మిట్టమధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలు దిగాను. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో ట్రంకుపెట్టె. లద్దాఖ్ మంచుకు అలవాటుపడ్డ ఒళ్లు ఆ ఎండకు కుతకుత ఉడికింది. పోస్టింగు కంటోన్మెంటు ఆసుపత్రిలో, ఛాతీ వార్డు, నర్సింగ్ అసిస్టెంటు. ఆరింటికి హాజరు, ఏడింటికి రౌండ్లు, తొమ్మిదింటికి గాలి ఊదే పరీక్ష. మా శ్రీకాకుళంలో సైనికుడంటే ఇప్పటికీ "ఎంతమందిని కాల్చావు?" అని అడుగుతారు. ఆ వార్డులో ఉన్నంతకాలం నా ఆయుధం ఒక ప్లాస్టిక్ గొట్టం.

రోగి గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఆ గొట్టంలోకి ఊదాలి. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో మిషను చెబుతుంది. దాన్నిబట్టి ఏళ్లతరబడి వదలని ఊపిరితిత్తుల జబ్బుకు నాలుగు గ్రేడులు. ఒకటి తేలిక, రెండు మధ్యస్థం, మూడు తీవ్రం, నాలుగు అతి తీవ్రం.

మావాళ్లతో చిక్కేమిటంటే, దాన్ని పోటీ చేసేశారు. ఎవరు ఊదినా వార్డంతా మంచాల మీద నుంచి "జోర్ సే! జోర్ సే!" అని అరిచేది, తాడు లాగే పందెంలో అరిచినట్టే. మంచి గ్రేడు వచ్చినవాడు సాయంత్రందాకా మీసం తిప్పేవాడు.

పక్కపక్క మంచాల మీద ఇద్దరుండేవారు, ఇద్దరూ రిటైరైనవాళ్లే. లాలాగూడ నుంచి వచ్చే పాత లారీ డ్రైవరుది మూడో గ్రేడు. మౌలాలి నుంచి వచ్చే పాత మెస్ వంటవాడిది రెండు. వంటవాడు బీడీ ముట్టి ఎరగడు. సర్వీసంతా కిరోసిన్ పొయ్యిల పొగ మింగాడు. ఇప్పుడతనికి బేగంపేటలో కొత్తగా లేచిన సాఫ్ట్‌వేర్ ఆఫీసులో గార్డు ఉద్యోగం ఖాయమైంది. చిన్నకూతురి ఇంజనీరింగ్ చదువు దాని మీదే ఆధారపడి ఉంది.

మా డాక్టరు మేజర్ మేడమ్ అడిగారు: "మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

వంటవాడు మంచం పక్కన అటెన్షన్‌లో నిలబడ్డాడు. "ఏం తక్లీఫ్ లేదు మేడమ్. మస్తుగున్న."

డ్రైవరు పకపకా నవ్వాడు. "పైన పటారం, లోన లొటారం! బాత్రూమ్ దాకా పోయొస్తే మాట రాదు నీకు. నేను చూస్తలేనా?"

"నీది మూడు, నాది రెండు. జెర చుప్ ఉండు."

మేడమ్ నవ్వలేదు. వరండాలోకి వచ్చాక నాతో అన్నారు: "గ్రేడ్ పెరిగితే ముప్పు పెరుగుతుంది, నిజమే. కానీ అది ఊపిరి గొట్టాల సంగతే చెబుతుంది, మనిషి సంగతంతా చెప్పదు. ఎంత దూరం నడవగలడు, ఏడాదిలో ఎన్నిసార్లు జబ్బు ముదిరి అడ్మిట్ అయ్యాడు, అవీ చూడాలి. ఆ వంటతను ఈ ఏడాది రావడం మూడోసారి. నాకు భయమంతా అతని గురించే."

మళ్లీ లోపలికెళ్లి గార్డు పని వద్దని గట్టిగా చెప్పారు. అతను "యెస్ మేడమ్" అన్నాడు. ఆర్డరు వినగానే యెస్ అనడం మాకు అలవాటు. డిశ్చార్జి కాగానే వెళ్లి డ్యూటీలో చేరిపోయాడు.

డ్రైవరు మాత్రం చెప్పినట్టు విన్నాడు. మందు తప్పకుండా పీల్చేవాడు. కనపడ్డ ప్రతి అరుగు మీదా కూర్చుంటూ నడిచేవాడు. "పెళ్లికొడుకు నడక" అని మేం ఆటపట్టిస్తే, "ఫస్ట్ గేర్ల పోతున్న తమ్మీ, బండైతే ఆగదు" అనేవాడు.

డిసెంబరు చలిలో ఒక ఉదయం వార్డు ముందు ఆటో ఆగింది. నీలం గార్డు యూనిఫాంలో వంటవాడు, పక్కన అతని భార్య. అతని పెదవులు నల్లబడ్డాయి. ఆక్సిజన్ పెట్టాను. మేడమ్ పరుగున వచ్చారు.

"నెల సంది గోడకు ఒరిగి కూసొనే నిద్రపోతుండు తమ్మీ," భార్య ఏడుస్తూ నాతో అంది. "దవాఖానకు పోదామంటే, నేను పాసైన గదనే, రెండో గ్రేడే గదా అంటడు."

మధ్యాహ్నానికి ఊపిరి ఆగిపోయింది. నాకు ఆ అంకె మీద, వార్డులో అరుపుల మీద, చివరికి అతని మీద కూడా కోపం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మరుసటి ఏడాది నేనూ రిటైరై ఇంటికి రైలెక్కాను. సాగనంపడానికి స్టేషనుకు వచ్చింది మూడో గ్రేడు డ్రైవరే.

ఇన్నేళ్లయినా ఒకటి కళ్ల ముందు నుంచి పోదు. ఆ డిసెంబరు ఉదయం స్ట్రెచర్ మీద వంటవాడి బూట్లు విప్పబోయాను. పాలిష్ అద్దంలా ఉంది. లేసులు మాత్రం సైనికుడు కట్టుకున్నట్టు లేవు. బడికెళ్లే ఆడపిల్ల జడకు రిబ్బను కట్టినట్టు, రెండింటికీ పువ్వుముళ్లు.

"వంగితే దమ్ము అందదు ఆయనకు," అంది భార్య. "రోజూ నేనే కడ్త."