మా అన్న ఓట్లు, నా ప్రార్థన

నా పెళ్లయ్యాక మా అన్న మొదటిసారి విరుదునగర్‌లో మా ఇంటికి వచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. మేము అప్పుడే చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చోబోతున్నాం. కారు ఆగిన చప్పుడు విని తలుపు తీస్తే ఎదురుగా అన్న. తెల్ల పంచె, భుజాన పార్టీ రంగు అంచున్న తువ్వాలు, చేతిలో శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా పెట్టె. "ఏం పాపా, బాగున్నావా?" అన్నాడు, పోయిన వారమే చూసి వెళ్లినవాడిలా.

నేను క్రైస్తవురాలినయ్యానని ఆయన నన్ను ఎప్పుడూ తిట్టలేదు. పిలవడం మానేశాడు, అంతే. తన కూతురు పెద్దమనిషైన సంగతి సాత్తూరు బస్సులో మా ఊరామె చెబితే నాకు తెలిసింది. "నువ్వు రాలేదేం వేడుకకి?" అని ఆమె అడిగితే ఒంట్లో బాగలేదని చెప్పి కిటికీ వైపు తిరిగాను.

మాది కోవిల్‌పట్టి అవతల నల్లరేగడిలో మిరపా పత్తీ పండించిన ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నాన్న పోయాక అన్న కోవిల్‌పట్టి టౌనులో ఇల్లు కట్టుకుని అమ్మను తెచ్చుకున్నాడు. నేను అప్పుడు తిరునెల్వేలిలో నర్సు చదువు చదువుతున్నాను. హాస్టలు పక్కన చిన్న ప్రార్థన మందిరం ఉండేది. నాన్న పోయిన ఏడాది సాయంత్రాలు అందులోకి వెళ్లి కూర్చునేదాన్ని. అక్కడ ఎవరూ నన్ను ఏమీ అడిగేవారు కాదు. ఏడ్చినా చూడనట్టే ఉండేవారు. అలా కూర్చోగా కూర్చోగా, నా పక్కన ఇంకెవరో కూడా ఉన్నారన్న నమ్మకం కుదిరింది. ఇంతకంటే దాన్ని వివరించడం నాకు చేతకాదు. బాప్తిస్మం తీసుకున్న చాలా కాలానికి గానీ మా ఆయన పరిచయం కాలేదు. అయినా మా వాళ్ల దృష్టిలో నన్ను మార్చింది ఆయనే. చర్చివాళ్లకేమో నేను పెద్ద ఇంటి నుంచి బయటికి వచ్చిన సాక్ష్యాన్ని. నా నమ్మకం నాదేనని ఒప్పుకున్నవాళ్లు రెండు వైపులా లేరు.

అన్న చెయ్యి కడుక్కుని మాతో పాటే భోంచేశాడు. కోడిపులుసు రెండోసారి వేయించుకున్నాక అసలు మాట ఎత్తాడు.

"మునిసిపాలిటీకి నిలబడినాను పాపా. మా వార్డులో మన వాళ్లెంతమందో మీ వాళ్లూ అంతమంది ఉండారు."

"మీ వాళ్లంటే?"

"చర్చి వాళ్లు. నాకు వాళ్లతో పరిచయం లేదు. నువ్వు ఒక్క రోజు నాతో వస్తే చాలు."

"వచ్చి ఏం మాట్లాడాలి?"

"ఏమీ మాట్లాడొద్దు. మతం పేరెత్తితే కేసవుతుంది. ఊరికే నా పక్కన నడువు." విస్తరి వైపు చూస్తూ అన్నాడు: "అమ్మ నిన్ను చూడాలని ఒకటే పోరు."

ఆ మాట ఎప్పుడు అనాలో ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ ఆ ఇంటి తలుపు ఆయన చేతిలోనే ఉంది. ఇప్పుడు తీస్తానంటున్నాడు.

కారు వెళ్లాక మా ఆయన అరవంలో అన్నాడు, "ఆయన పిలవడానికి వచ్చింది నిన్ను కాదు, నీ చర్చిని."

"తెలుసు" అన్నాను.

తెలిసినా కాదనలేకపోయాను. మర్నాడు ఇంకో ఫోను వచ్చింది. తిరునెల్వేలిలో నాకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు ఇప్పుడు కోవిల్‌పట్టి చర్చిలో ఉన్నారు. అన్న ముందే ఆయన్ను కలిశాడట. "అమ్మా, మా సమాధుల తోటకి గోడ లేదు" అన్నారు పాస్టరు. "వాన పడితే వీధి మురికంతా సమాధుల మీదికి వస్తుంది. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ పట్టించుకోలేదు. దేవుడు నిన్ను ఆ ఇంట్లో పుట్టించింది ఇందుకేనేమో." నేను ఆ ఇంట్లో ఎందుకు పుట్టానో అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది. ఆయన్ను కాదనే నోరు కూడా నాకు లేదు.

కోవిల్‌పట్టిలో అన్న ఇంటి గడప తొక్కగానే అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఏమీ అడగలేదు. లోపలికి తీసుకెళ్లి ఇడ్లీ పెట్టింది, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. అంతలో వదిన అద్దం దగ్గర నుంచి బొట్టుబిళ్ల తెచ్చి నా నుదుటికి అంటించింది. "తప్పుగా అనుకోవద్దు వదినా. మన వీధిలో ఉత్త నుదురుతో తిరిగితే మగడు లేనిదనుకుంటారు" అంది. అమ్మ ముందు గొడవ ఎందుకని ఊరుకున్నాను.

మా వాళ్ల వీధుల్లో అలాగే నడిచాను. తెలిసిన ముసలమ్మలు గడ్డం పట్టుకుని "ఇన్నాళ్లూ యాడికి పోయినావే" అన్నారు. తర్వాత ఆటో ఎక్కాం. రైలుగేటు దాటి చర్చి వైపు తిరుగుతుండగా అన్న ముందు సీటు నుంచి వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు: "పాపా, అది తీసెయ్." ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక బొట్టుబిళ్ల తీశాను. ఎక్కడ పడెయ్యాలో తెలియక ఆటో రేకుకు అంటించాను. తీసిన చోట నుదురు దురద పెడుతుంటే, ఆ వీధుల్లో అన్న పక్కన నడిచాను.

అక్కడ కూడా జనం బాగానే మాట్లాడారు. "మన బిడ్డ అన్నంట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అన్న నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. చిన్నప్పుడు తిరునాళ్లలో తప్ప ఆయన ఎప్పుడూ అలా చెయ్యి వెయ్యలేదు. నాకు సంతోషం కలిగింది. అది ఎందుకు వేశాడో తెలిసి కూడా కలిగింది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఒక ఇంట్లో కంటి ఆపరేషనుకు వెళ్లబోతున్న పెద్దావిడ నన్ను కూర్చోబెట్టింది. "ఒక ప్రార్థన చేసి పో బిడ్డా" అంది. నా చెయ్యి పట్టుకుంది. నేను కళ్లు మూసుకుని ఆమె కళ్ల కోసం నిజంగానే అడిగాను. చివరికి వచ్చేసరికి అన్న నా చెవి దగ్గర గొణిగాడు: "నా పేరు కూడా." ఆమె నా చేతిని వదల్లేదు. నేను అన్న పేరు చెప్పాను, అతని ప్రయత్నాన్ని ఆశీర్వదించమన్నాను, ఆమెన్ అన్నాను. కళ్లు తెరిస్తే గుమ్మంలో పార్టీ మనిషి ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం చర్చి పక్క గదిలో పాస్టరు, సంఘం పెద్దలు గోడ సంగతి ఎత్తారు. గెలిస్తే తప్పకుండా కట్టిస్తానన్నాడు అన్న. పాస్టరు నా వైపు తిరిగి, "మాకు సాక్షి నువ్వేనమ్మా" అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఇంకేం చెయ్యగలను?

ఆ వీడియో రెండు రోజుల్లో మా వాళ్ల ఫోన్లన్నిటికీ చేరింది. ఎదుటి పార్టీవాళ్లు దాని కింద రాశారట: ఇతనికి ఓటేస్తే వీధికో చర్చి వస్తుంది, కావాలంటే చెల్లెల్ని చూడండి. అన్న ఫోను చేసినప్పుడు గొంతు మారిపోయి ఉంది.

"కడంబూరు దగ్గర మన కులదేవత గుడికి రేపు ఇంటిల్లిపాదీ పోతా ఉండాము. నువ్వూ రావాల."

"అన్నా, నేను గుడిలో నిలబడలేను."

"నీకు నమ్మకం ఉండాదా లేదా అని ఎవరడిగినారు? నిలబడు, ఒక ఫోటో తీసుకుంటాము, అంతే. చర్చి వీధిలో నిలబడలేదా?"

ఆ రెండూ ఒకటి కావని చెప్పబోయాను. కానీ ఆయన నన్ను రెండు చోట్లకీ ఒకే పనికి పిలిచాడు, నేను ఒక చోటికి ముందే వెళ్లాను. తర్వాత అమ్మ ఫోను తీసుకుంది. "మీ అన్న అన్నం తినలేదు" అని మాత్రం అంది.

గుడి చిన్నది. చుట్టూ జొన్న కోసేసిన చేలు. దూరంగా రైలు కూత వినిపిస్తోంది. నేను బయట చెప్పుల దగ్గరే నిలబడతానన్నాను. వదిన లాక్కెళ్లి అమ్మ పక్కన నిలబెట్టింది. పూజారి పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి వస్తున్నాడు. నా దగ్గరికి వచ్చి ఆగాడు. అందరూ నా చేతి వైపు చూస్తున్నారు. నేను చెయ్యి చాపలేదు, వెనక్కి కూడా తగ్గలేదు.

అప్పుడు అమ్మ పళ్లెంలోంచి విబూది తీసుకుని తన బొటనవేలితో నా నుదుటికి రాసింది. చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చినా, కలలో ఉలిక్కిపడినా ఆమె అలాగే రాసేది. ఆ వేలి బరువు నాకు తెలుసు. కొడుకు గెలుపు కోసం రాసిందో, నా కోసం రాసిందో, ఇప్పటికీ అడగలేదు. నేను దాన్ని తుడవలేకపోయాను. ఫోటో తీసింది అప్పుడే.

ఆ ఫోటో విరుదునగర్‌కు నాకంటే ముందు చేరింది. మా ఆయన తలుపు తీసి నా ముఖం చూశాడు. దారిలో ఎప్పుడో చెమటకు నుదురు శుభ్రమైపోయింది.

"అక్కడే తుడిచేసి ఉండొచ్చు కదా" అన్నాడు.

"అది మా అమ్మ చెయ్యి."

ఆ తర్వాత కొన్నాళ్లు మేము చర్చికి వెళ్తే పక్కన కూర్చునేవాళ్లు కాస్త జరిగి కూర్చున్నారు. స్త్రీల కూటంలో ప్రార్థన నడిపేది నేనే, ఆ శనివారం ఇంకొకామెకు ఇచ్చారు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఒకప్పుడు ఎవరూ ఏమీ అడగని చోటు వెతుక్కుంటూ వెళ్లినదాన్ని, ఈ అడగకపోవడం భరించలేకపోయాను. కోవిల్‌పట్టి పాస్టరు మాత్రం ఫోను చేశారు. "సంఘానికి ఏం చెప్పమంటావమ్మా?" అన్నారు. జరిగింది చెప్పమన్నాను. "జరిగింది చెబితే గోడ సంగతి ఏమవుతుంది?" అన్నారాయన.

అన్న గెలిచాడు. ఎవరి ఓట్లతో గెలిచాడో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. గోడ పని మాత్రం కదల్లేదు. అడిగితే, "ఇప్పుడు కట్టిస్తే ఆ వీడియో నిజమంటారు పాపా, కాస్త ఆగు" అన్నాడు. ఆగమని పాస్టరుకు చెప్పాను. ఆగలేమని పాస్టరు నాకు చెప్పారు. ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం మానేశారు. వానాకాలం వచ్చింది. నీళ్లలో సగం మునిగిన సిలువల ఫోటోలు నా ఫోనుకే వచ్చేవి.

చివరికి ఒకరోజు డ్యూటీకి సెలవు పెట్టి బస్సెక్కాను. అన్న ఇంటి ముందు రేకుల షెడ్డులో జనాన్ని కలుస్తాడు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఆయన తలెత్తి తెల్లబోయాడు.

"ఈడ ఎందుకు నిలబడినావు? ఇంట్లోకి రావచ్చు గదా."

"ఇంట్లో అడిగితే చెల్లెలు అడిగినట్టు అవుతుంది అన్నా. నువ్వు మాటిచ్చింది నాకు కాదు, వాళ్లకి. ఆ రోజు నేనక్కడే ఉన్నాను."

వెనకున్న వాళ్లు వింటున్నారు. అన్న కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. తర్వాత నన్ను షెడ్డు చివరికి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "కట్టిస్తాను. కానీ వీధి మురుగు ఆపే గోడ అని రాయిస్తాను. చర్చి పేరు యాడా ఉండదు. శిలాఫలకం ఉండదు. పని మొదలుపెట్టే రోజు నువ్వు రాకూడదు."

"సరే" అన్నాను. నేను కనిపించాలని పిలిచినవాడే ఇప్పుడు కనిపించొద్దంటున్నాడు. రెండింటికీ నా నోటి నుంచి సరే అనే వచ్చింది.

గోడ లేచింది. అదే నెలలో మా వాళ్ల గుడి వీధికి కొత్త దీపాలు పడ్డాయి. అటొకటి, ఇటొకటి, అదీ అన్న లెక్క. నేను గోడ చూడటానికి వెళ్లలేదు. కానీ పాస్టరు సంతోషం పట్టలేక ఆదివారం ఆరాధనలో నా పేరెత్తి, ఈ సోదరి ద్వారా దేవుడు మన మొర విన్నాడని చెప్పేశారు. ఆ సాయంత్రమే అన్న ఫోనులో అరిచాడు. నేను ఎక్కడా నోరు విప్పలేదని చెప్పినా నమ్మలేదు. రెండు నెలలు మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ అమ్మ గొంతు కూడా నాకు వినపడలేదు.

తర్వాత ఆయనే మళ్లీ చేశాడు. పార్టీవాళ్లకు నా అవసరం పడింది. ఇప్పుడు అమ్మను చూడాలంటే అడ్డు లేదు, కానీ ఊరికే చూసి రావడం కుదరదు. ప్రతిసారీ ఏదో ఒక పెళ్లి, ఏదో ఒక సభ. ఎక్కడ ముందు వరసలో కూర్చోవాలో, ఎక్కడ వంటింట్లోనే ఉండిపోవాలో వదిన ముందే చెబుతుంది. స్త్రీల కూటం వాళ్లు నన్ను మళ్లీ పిలిచారు. నాకు కౌన్సిలరు అన్న ఉన్నాడు కదా.

పోయిన వారం మా చర్చి నుంచి ఒకామె వచ్చింది. కోవిల్‌పట్టిలో ఉన్న తన చెల్లెలి ఇంటికి నీటి కొళాయి కనెక్షను కావాలట. ఆఫీసులో అర్జీ పెట్టమన్నాను. "అర్జీ ఎందుకక్కా, దేవుడు నీ ద్వారా ఒక దారి పెట్టాడు కదా" అని నవ్వింది. కాఫీ తాగి, చాలాసేపు కూర్చుంది. ఆమె ఉండగానే అన్న ఫోను చేశాడు. వచ్చే ఆదివారం జిల్లా నాయకుడొకరు కోవిల్‌పట్టి చర్చికి వస్తున్నారు, నేను పక్కన ఉండాలట.

"మా ఆయన్ని అడిగి చెబుతాను" అన్నాను. మా ఆయన పక్కనే కూర్చుని పేపరు చూస్తున్నాడు. నన్ను మధ్యలోకి లాగొద్దని తల అడ్డంగా ఊపాడు. వచ్చినామె నా ముఖంలోకి ఆశగా చూస్తోంది. ఫోనులో అన్న, "ఏం పాపా, వస్తావు గదా?" అంటున్నాడు.

"వస్తాను అన్నా" అన్నాను. "అమ్మకి ఒకసారి ఫోను ఇవ్వు."