బెలూన్ ఒత్తిన చేతులు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. ఇందులో ఒక్క ముక్క కల్పించినా నా నోరు పడిపోనీ.

అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. హైదరాబాద్ నుంచి ధరూర్ దగ్గర మా మేనమామ ఊరికి సెలవులకు వెళ్లాను. ఊళ్లో ఒక్క ఫోన్ లేదని మొదటిరోజే చిరాకు.

పత్తికి పురుగుల మందు కొడుతుంటే పంపు నాజిల్ మూసుకుపోయింది. మామ దాన్ని విప్పి, నోట్లో పెట్టుకుని ఊదాడు.

"ఏంది మామా! విషం గదా?" అని అరిచాను.

"నీ పట్నం ముచ్చట్లు బంజెయ్. మేం ఎప్పుడూ గిట్లనే ఊదుతం."

సాయంత్రానికి మామకు ఒళ్లంతా చెమట, నోట్లో నురగ. చర్మం కింద కండలు... పురుగులు పాకుతున్నట్టు వాటంతటవే అదురుతున్నాయి. గద్వాల తీసుకెళ్లి దవాఖానలో చేర్చాం.

రెండు రోజులకు తేరుకున్నాడు. చాయ్ తాగాడు. "ఇగ లెవ్వు, బర్రెలు నీకోసం ఏడుస్తున్నయ్" అని అత్త ఎగతాళి కూడా చేసింది.

దవాఖానలోనే మూడో రాత్రి...

"అల్లుడా... తల లేస్తలేదు."

విసుక్కున్నాను. "పండుకో మామా, సతాయించకు."

మళ్లీ పిలవలేదు. ఎందుకో అనుమానమొచ్చి లైటేశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి. ఛాతీ మాత్రం... కదలడం లేదు.

నా కేకకు డాక్టర్ పరుగున వచ్చి గొంతులో గొట్టం వేశాడు. దానికి తగిలించిన రబ్బరు బెలూన్ నా చేతిలో పెట్టాడు.

"పురుగుల మందు కండల్ని చచ్చుబడేట్టు చేసింది. ఊపిరి తీస్కునే కండలు గూడ. తెలివుంది, అన్నీ వింటడు. ఊపిరిచ్చే మిషన్ ఉన్న దవాఖానకు తీస్కపోను తెల్లారి బండొస్తది. అప్పటిదాక నువ్వు ఒత్తితేనే ఊపిరి. ఆపకు."

ఇంకో కేసు వచ్చిందని వెళ్లాడు. అత్త ఏడ్చి ఏడ్చి నేల మీదే నిద్రపోయింది.

ఒత్తాను. ఉస్... వదిలాను. ఉస్... వేళ్లు తిమ్మిరెక్కాయి. ఉస్...

ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. నా తల మంచం అంచు మీద ఉంది. నిద్రపోయాను! చేతులు రెండూ... నా ఒళ్లో ఉన్నాయి.

కానీ ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఉస్...

ఉస్...

తలెత్తాను. ఆగింది. మామ గుండె మీద బెలూన్... మెల్లగా ఉబ్బుతోంది. ఎవరో అప్పుడే వదిలినట్టు.

అత్త కిందే గురక పెడుతోంది. గదిలో ఇంకెవరూ లేరు. మళ్లీ ఒత్తడం మొదలుపెట్టాను. తెల్లారేదాకా వెనక్కి తిరగలేదు.

మామ బతికాడు. నిద్రలో నా చేతులే ఒత్తి ఉంటాయని డాక్టర్ అన్నాడు. నమ్మాలనే చూశాను. గొంతు వచ్చాక మామనే అడిగాను.

"నువ్వు పండుకున్నది చూసిన అల్లుడా."

"మరి ఒత్తిందెవరు?"



"తెల్వదు. తలాపు దిక్కుకు తల తిప్పరాలే గద. నీకన్నా... నిదానంగ ఒత్తిన్రు."