బంటికి మారు వడ్డన

మొన్న ఆదివారం పొద్దున్న మా పక్కింటి టీచర్ గారు పోయారని వాళ్ళబ్బాయి గోడ మీంచి చెప్పాడు. నేనప్పుడు మా కుక్క బంటికి అన్నం కలుపుతున్నాను. ఆ మెతుకుల చేత్తోనే నిలబడిపోయాను. బంటి ఇవాళ మా ఇంట్లో ఉందంటే ఆవిడ చలవే.

మీతో చెప్పుకోవడానికి సిగ్గేమిటి, రెండేళ్ల క్రితం తప్పు నాదే. అన్నం తినేటప్పుడు ఎవరైనా దగ్గరికెళ్తే బంటి గుర్రుమనేది. నాకు ఒళ్ళు మండేది. ఎవరి తిండి తింటున్నావో తెలియాలని గిన్నె మధ్యలో లాగేసి, కాసేపు ఏడిపించి మళ్ళీ పెట్టేవాణ్ణి. అది చూసి మా ఆరేళ్ల పాప కూడా ఒకరోజు గిన్నె లాగబోయింది. బంటి మీదికి దూకింది. అదృష్టం, గౌను అంచు చిరగడంతో సరిపోయింది. మా ఆవిడ ఆ పూటే తేల్చేసింది, కాట్రేనికోనలో మా బావగారి రొయ్యల చెరువు దగ్గర దీన్ని కట్టేయాలని. గొలుసు కూడా కొనేసింది. పాప అన్నం మానేసి కూర్చుంది.

టీచర్ గారు రాజోలు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. చీమల బారు కనిపించినా, కరెంటు పోయినా "అదెందుకలా చేస్తోందంటారు?" అనడం ఆవిడకి అలవాటు. మా గొడవ విని కుర్చీ తెచ్చుకుని పెరట్లో కూర్చున్నారు. బంటి ఎంత దూరంలో గుర్రుమంటుందో చూసి గచ్చు మీద సుద్దముక్కతో గీత గీశారు. మర్నాడు అది ఇంకా దూరం నుంచే గుర్రుమనడంతో గీత కూడా దూరం జరిగింది. నన్ను అన్నం పెట్టి చూపించమన్నారు. నేను దర్జాగా గిన్నె లాగి చూపించాను.

"మీ ఇంటికొచ్చిన చుట్టాలకి మారు వడ్డిస్తారా, విస్తరి లాగేస్తారా అండీ?"

"వడ్డిస్తామండి."

"మరి దీనికెందుకు లాగేసేరు?"

తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి గిన్నె ముట్టుకోలేదు. గీత అవతల నిలబడి, ముల్లు తీసిన చేపముక్క గిన్నెలోకి విసిరి వెళ్లిపోవడమే నా పని. పాప భోజనాల వేళ దగ్గరికి రాకుండా వంటింటి గుమ్మానికి పొట్టి తలుపు పెట్టించారు. నేను తొందరపడి ఒకసారి రెండు జానలు ముందుకెళ్తే మళ్ళీ గుర్రుమంది. ఆవిడ నవ్వి, గీత చెరిపి వెనక్కి గీశారు. నెలన్నరకి నన్ను చూసి తోకాడించింది. గొలుసు అటకెక్కింది.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే, గోడ పక్క దారిలోంచి ఆవిడే చేపముక్క పట్టుకొచ్చేవారు. "ఆయ్, మారు తెచ్చేను," అనేవారు దానితో.

మొన్న బంటి సగం తిని, గిన్నె దగ్గర్నుంచి వెనక్కి జరిగి కూర్చుంది. నేను చేపముక్క వేశాను. తినలేదు. గోడ పక్క దారికేసే చూస్తోంది.

"అదెందుకలా చేస్తోందంటారు నాన్నా?" అంది పాప, పొట్టి తలుపు వెనక నుంచి.

గిన్నెలో సగం అన్నం అలాగే ఉంది.