ఆషాఢ మంగళవారం ఖాళీ అయిన ఇల్లు

2024, ఆషాఢ మాసం. గోపాలపట్నం మార్కెట్ వెనక సందులో ఆ వాటాకి తాళం చూసినప్పుడు నేనేమీ అనుకోలేదు. ఇంటి ఓనరమ్మ బియ్యం చెరుగుతూ చెప్పిన మాటకి మాత్రం వెళ్ళబోతున్నదాన్ని ఆగిపోయాను.

"నిన్న ఎల్లిపోనారమ్మా. ఆసాడం, అందులోనూ మంగళారం. శ్రావణం రానీరా బాబూ అన్నాను. ఇనుకోనేదు."

ఆ వాటాలో ఉండే ఆయన ఆటో నడుపుతాడు. ఆటోకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టందే బండి తియ్యడు. రాహుకాలంలో వచ్చానని ఒకసారి నన్ను గుమ్మం బయటే నిలబెట్టాడు. అలాంటి మనిషి ఆషాఢ మంగళవారం సామాను ఎక్కించాడంటే పారిపోయాడన్నమాటే.

నేను జిల్లా పిల్లల రక్షణ విభాగంలో అవుట్‌రీచ్ వర్కర్‌ని. ఇళ్ళకి వెళ్ళి పిల్లలు ఎలా ఉన్నారో చూసి రావడం నా పని. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ పాప ఉంది. లావణ్య అందాం. మారుతండ్రి కొట్టిన దెబ్బలతో ఒకసారి పిల్లల హోంకి చేరింది. ఇక చెయ్యి చేసుకోనని అతను, కనిపెట్టుకుని ఉంటానని తల్లి సత్యవతి మాటిచ్చాక సీడబ్ల్యూసీ, అంటే ఇలాంటి పిల్లల గురించి ఆదేశాలిచ్చే కమిటీ, పాపని ఇంటికి పంపింది. నేను తరచూ వెళ్ళి చూడాలన్నది షరతు. దీన్నే ఫాలో-అప్ అంటాం. ఈసారి కౌన్సిలర్ పాపతో విడిగా మాట్లాడతారని కిందటిసారే చెప్పి వచ్చాను. అదే అతన్ని కదిలించినట్టుంది.

ఫార్మా కంపెనీల వైపు వెళ్ళారని మాత్రం ఓనరమ్మకి తెలుసు. జిల్లాలు విడిపోయాక అది పక్క జిల్లా. కుటుంబం హద్దు దాటితే కేసు అక్కడి విభాగానికి ట్రాన్స్‌ఫర్ చెయ్యాలి. దానికి అడ్రస్ కావాలి. దొరక్కపోతే ఆచూకీ లేదని రాయమన్నారు మా ఆఫీసర్. అవతలి జిల్లాలో నా పనే చేసే అప్పలరాజు గారికి ఫోన్ చేశాను.

"వీధి పేరైనా నేకండా ఏ తలుపు కొట్టమంటారు మేడం?" అన్నారు.

అదీ నిజమే. ఇద్దరి మాటలోనూ తప్పు లేదు. కానీ ఆ రోజుకి పాప ఎవరి చేతిలోనూ లేదు.

నా పిల్లలు నెలల బిడ్డలుగా ఉన్నప్పుడు మా అత్తగారు వాళ్ళని ఎవరికిచ్చినా "అందుకున్నావా?" అని అడిగేవారు. అవతలివాళ్ళు "అందుకున్నాను" అనేదాకా మెడ కింద చెయ్యి తీసేవారు కాదు. ఆ సంగతే అప్పలరాజు గారికి చెప్పాను. ఆచూకీ లేదని రాయనని ఆఫీసర్‌కీ చెప్పాను.

సత్యవతి ఓల్డ్ టౌన్‌లో రహీం భాయ్ కొట్టు నుంచి చీరలు తెచ్చుకుని ఫాల్స్ కుట్టేది. మర్నాడు ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళ ఇళ్ళ సంగతులు గవర్నమెంటు వాళ్ళకి చెబితే తన దగ్గర ఇంకెవరూ పని చెయ్యరని ఆయన ముఖం తిప్పుకున్నాడు. నేను అడ్రస్ అడగలేదు. ఇక చీరలెవరు తీసుకెళ్తారని అడిగాను.

చేతిలో కత్తెర కింద పెట్టాడు. "నిన్న బస్సులో పంపాను మేడం. స్టాపులో మూట అందుకున్నది పాపేనంట. తల్లిని గుమ్మం దాటనివ్వట్లేదంట." మళ్ళీ కత్తెర అందుకుంటూ, "రేపటి మూట మీరే పట్టుకెళ్ళండి" అన్నాడు.

నేను బస్సు దిగేసరికి, ముందే ఫోన్‌లో చెప్పడంతో అప్పలరాజు గారు హెల్మెట్ పట్టుకుని స్టాపులో ఉన్నారు. లావణ్య వచ్చి మూటకి ఎడమ చెయ్యి చాపింది. కుడి మణికట్టు వాచి ఉంది. నన్ను చూసి వెనక్కి జరిగింది.

"నాన్నకి సెప్పకు," అంది. తర్వాత, "ఇక్కడికీ నువ్వే వత్తావా?"

నేను రాలేనని, ఈయన వస్తారని చెప్పాను. పాప ఆయన బూట్ల వైపే చూస్తోంది. అప్పలరాజు గారు ఆ దుమ్ములోనే గొంతుక్కూచున్నారు.

"నా పేరు అప్పలరాజమ్మా. మా ఇంట్లో నీయంత పిల్లే ఉంది. సేపలుంటే కంచం కూడా నాకీసుద్ది. నీకేటి ఇష్టం?"

బూట్ల మీంచి చూపు ఎత్తి, "పకోడీ," అంది.

బండి దగ్గర పకోడీ కొనిచ్చారు. పాప ఎడమ చేత్తో తింటుంటే ఆ వాచిన చెయ్యి చూస్తూ లేచి నిలబడ్డారు. "అందుకున్నాను మేడం."

ఆస్పత్రిలో చేతికి కట్టు వేయించి, అక్కడి కమిటీ ముందు పాపని కూర్చోబెట్టేదాకా నేనూ ఉన్నాను. కమిటీ పాపని మళ్ళీ హోంకి పంపింది. అతని మీద పోలీసు కేసు అయింది. కొంతకాలానికి సత్యవతి అతన్ని వదిలి పద్మనాభంలో అక్క ఇంటికి వచ్చేసింది. కమిటీ పాపని ఆమెకి అప్పగించింది. పద్మనాభం మా జిల్లా. కేసు తిరిగి నాకే ట్రాన్స్‌ఫర్ అయింది. కాగితాలు వచ్చిన రోజే అప్పలరాజు గారి ఫోన్.

"అందుకున్నారా మేడం?"

ఉండమన్నాను. పద్మనాభం వెళ్ళాను. లావణ్య కుడి చేత్తో ముగ్గు పెడుతోంది. అప్పుడు ఫోన్ చేసి, అందుకున్నానని చెప్పాను.

అప్పటికి మేము దువ్వాడలో కొత్త ఫ్లాట్‌కి మారాం. మంచి రోజు చూసుకుని, పాలు పొంగించి మరీ దిగాం. అయినా ఆ అంతస్తులో నా పిల్లల పేర్లు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. పద్మనాభం నుంచి వచ్చిన ఆ రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను.

పొద్దున్న స్కూలు బ్యాగులు తగిలించుకుంటున్న ఇద్దరినీ ఆపి, ఎదురింటి మామ్మగారి తలుపు కొట్టమన్నాను.

"ఎందుకమ్మా?" అన్నాడు పెద్దాడు.

"మీ పేర్లు చెప్పండి. ఆవిడ తిరిగి మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేదాకా అక్కణ్ణించి కదలకండి."