ఎద్దు గుడ్డు పెట్టిందన్నా ఊఁ

నిన్న సాయంత్రం ప్రొద్దుటూరు బస్టాండు కాడ ఉడకబెట్టిన చెనక్కాయలు కొన్నా. పక్కన నిలబడి మా పాప స్కూల్లో జరిగిందేందో చెప్తాంది. ఆ తడి తొక్కల వాసన ముక్కుకు తగిలింది చూడండి, అంతే, నేను చాపాడులో మా అవ్వ ముందర కూచ్చోనుండా.

మా ఈడోళ్లకు గుర్తుండే ఉంటాది. కథ చెప్తాంటే ఊఁ కొట్టాల. ఊఁ ఆగితే కథ ఆగిపోయేది. మా అవ్వ విత్తనానికి దాచిన చెనక్కాయల మీద నీళ్లు చిలకరించి, బొటనవేలితో టప్పున చిదిమి వొలుస్తా కథ చెప్పేది. నా నోరు ఊఁ అంటానే ఉండేది. మనసు మాత్రం చాటలో మూడు గింజల కాయ యాడుందా అని ఎతుకుతాండేది. అవ్వకు అనుమానమొస్తే, గొంతు మార్చకుండానే అనేది:

"అప్పుడు ఆ ఎద్దు గుడ్డు పెట్టింది."

"ఊఁ."

"ఏందే ఊఁ? ఎద్దు యాడన్నా గుడ్డు పెడ్తాదా?" అని నా నెత్తిన తొక్కలు పోసి, మళ్లా మొదుట్నుంచి చెప్పేది. ఈ తూరి వినాలని శానా గట్టిగా అనుకునేదాన్ని. కథలో రాజు గడప దాటకముందే నా మనసు చాటలోకి దూకేది. ఏం చేసేది, చెప్పండి?

పాప నా కొంగు గుంజింది.

"అమ్మా, వింటాండావా?"

"ఊఁ."

"అయితే చెప్పు, ఈ పొద్దు క్లాసులో ఏడ్సింది ఎవురు?"

అప్పుడు చూసినా దాని మొగం. కండ్లు ఇంకా ఎర్రగానే ఉండాయి.

"మళ్లా మొదుట్నుంచి చెప్పు తల్లీ," అన్నా.

"ఏం లేదులేమ్మా," అనింది.