తాగుడు కాదని తెలిసీ

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నాకేమీ కారు, అందుకే మీతో అంటున్నాను.

మాది సారంగాపూర్ దగ్గరి ఊరు. మా ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నలభై రాకముందే చేతులు, భుజాలు వాటంతటవే ఎగిరిపడటం మొదలైంది. నడిస్తే తూలేవాడు. కల్లు గీసేవాడు తూలితే ఊరికి వేరే కారణం కావాలా? ఆయన చుక్క ముట్టడని నాకు తెలుసు, తోడబుట్టిన తమ్ముడికి తెలుసు. ఆ తమ్ముడే చెట్లు పంచే గీతకార్మికుల సంఘంలో నిలబడి, అన్న తాగి చెట్టు మీది నుంచి పడతాడు, ఆయన వంతు చెట్లు నాకియ్యండి అన్నాడు. ఇచ్చారు. మా ఆయనకు అప్పటికే మాట ముద్దగా వచ్చేది. ఏమన్నా తాగుబోతు మాటే అనుకునేవారు.

తర్వాత హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ అసలు సంగతి చెప్పాడు. మెదడు కణాల్లో ఒక ప్రోటీన్ చెడిపోయి ఉండలు కడుతోందట. తాగుడుతో సంబంధమే లేదట. రక్తంలో వచ్చే జబ్బు, తమ్ముడికీ ఉండొచ్చు, ఉంటే అతని పిల్లలకూ రావచ్చు, తప్పకుండా చెప్పమ్మా అన్నాడు. తల ఊపాను. మాకు పిల్లలు లేరు. జగిత్యాలలో బస్సు దిగేదాకా ఒకటే ఆలోచన. వాడికి చెప్పను.

మా ఆయన పోయిన కొన్నేళ్లకు మరిది మా వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపాడు. వేళ్లు ఊరికే ఆడుతున్నాయి.

"వదినా, అన్నకు గిట్లనే మొదలైందా?"

"మీ అన్నది తాగుడు. నువ్వే జెప్పినవ్ గద, సంఘంల నిలవడి."

తల దించుకున్నాడు. "నేనైతె తాగ గద."

"మరి నీకేం భయం? నిమ్మలంగ నీ పని జేస్కో, పో."

వాడి ముఖం తేటపడింది. దండం పెట్టి పోయాడు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

ఆ ధైర్యంతోనే దుబాయ్ పోయాడు. కట్టడాల మీద పని. తాగి వస్తున్నాడని అక్కడివాళ్లు తిప్పి పంపారు. పెళ్లాం పుట్టిల్లు కోరుట్ల. అక్కడే మంచాన పడ్డాడు. "అన్న లెక్కనే తాగి చెడిపోయిండు" అని జనం అంటుంటే నా మనసు చల్లబడింది. ఆ చల్లదనంలో ఒకటి చాలా ఆలస్యంగా తెలిసింది. వాడి మీద పగ తీర్చుకోవడానికి నా మొగుణ్ని నేను కూడా తాగుబోతును చేశాను.

వాడి బిడ్డ సిరిసిల్లలో ఉంటుంది. నా ఒళ్లో పెరిగిన పిల్ల. మొన్న ఫోన్ చేసి, నెల తప్పింది పెద్దమ్మా అని నవ్వింది. సల్లగుండు బిడ్డా అన్నాను. అంతే అన్నాను. డాక్టర్ మాట దానిక్కూడా చెందుతుంది కదా, ముందే తెలిస్తే పరీక్ష చేయించుకునేదో, ఏదో ఒకటి తనే తేల్చుకునేదో, ఆ వీలు దానికి లేకుండా చేసింది నేనే కదా. వాకిట్లో వాడితో అబద్ధమాడినప్పుడు ఆ పిల్ల గుర్తుకు రాలేదా అంటారేమో. వచ్చింది. వచ్చినా ఆడాను.

వాడి మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. అది తాగుడు కాదు, జబ్బు అని ఇవాళే మొదటిసారి పైకి అన్నాను. ప్రాణం తేలికపడింది. ఆ పిల్లకు చెప్పాల్సిన మాట మీకు చెప్పి తెచ్చుకున్న తేలిక ఇది.